గుర్రుమనే కుక్క: కట్టె మాట, తాయిలం మాట

కుక్కకు బుద్ధి నేర్పాలంటే చేతిలో కట్టె ఉండాలా, కోడిగుడ్డు ముక్క ఉండాలా? రెండు నెలలుగా మా వీధి టీ అంగడి దగ్గర ఇదే పంచాయితీ. ఈ నెల రేషన్ కార్డుల సంగతి రాద్దామనుకున్నాను గానీ, ఈ మాట తేల్చకుండా వేరే మాట రాసేదానికి మనసొప్పలేదు. ఇందులో ఒక కుక్క ప్రాణం ఉంది, ఒక ఇంటి అద్దె బతుకు ఉంది, వీధిలో ఆడుకొనే పిల్లల ఒళ్ళు ఉంది. చదివే మీ ఇండ్లలో కూడా ఇట్లాంటిది ఒకటి ఉండొచ్చు.

సంగతేమంటే, మా వీధిలో ఒక కుటుంబం. ఆ పిల్లోడు ఎస్టేట్‌లో ఒక కంపెనీలో మెషిన్ మీద ఉన్నాడు. ఆ అమ్మాయి బట్టల కంపెనీలో కుట్టు పని. బడికి పోయే పాప ఒకతి. రెండేళ్ళ కిందట రాజపాళయం జాతి కలిసిన కుక్కపిల్లను తెచ్చుకున్నారు. పిల్లప్పుడు వీధంతా ఎత్తుకొని ముద్దు చేసింది. ఇప్పుడు పెద్దదయింది. ఇంట్లోవాళ్ళతో దూదిలాగా ఉంటుంది. గేటు బయట బైకు చప్పుడైనా, వేరే కుక్క కనపడినా, పార్సిలు తెచ్చే పిల్లోడు వచ్చినా గొలుసు తెగిపోయేట్లు ఎగబడుతుంది. పోయిన నెల పక్కింటి పిల్లోడి నిక్కరు పట్టుకొని లాగింది. పన్ను దిగలేదు, అంతవరకు దేవుడి దయ. ఇంటి ఓనరు ఒకటే మాట చెప్పాడు. కుక్కన్నా పోవాల, మీరన్నా పోవాల.

ఇంక సలహాలు మొదలైనాయి. ఒకాయన, “కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని ఊరికే అన్నారా? అరిచినప్పుడల్లా నాలుగు తగిలించు, అణిగి పడి ఉంటుంది” అన్నాడు. కుక్కలకు నేర్పేవాడొకడు వచ్చి, మెడకు ముళ్ళ పట్టీ వేసి పదిహేను రోజుల్లో నోరెత్తకుండా చేసి ఇస్తానన్నాడు. ఇంకొకాయన, రాత్రి పూట రెడ్‌హిల్స్ చెరువు కట్ట మీద వదిలేసి రమ్మన్నాడు. ఆ పిల్లోడు నా దగ్గరికొచ్చి, “మామా, నువ్వు చెప్పు. పాప మూడు రోజులుగా అన్నం తినలేదు” అన్నాడు. నేను కుక్కల డాక్టరును కాను. అయినా విన్నాను, అడిగాను, మనవరాలి చేత చదివించుకున్నాను. నాకు తెలిసిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కుక్కకు వచ్చిన రోగమేందో చూద్దాం. ఇట్లాంటిదాన్ని ఇప్పుడు రియాక్టివ్ డాగ్ అంటున్నారు. మనకు అంతకంటే మంచి మాట ఉంది. బెదురు గొడ్డు అంటాం చూడండి, నీడ కదిలినా పలుపు తెంచుకొని పరిగెత్తే గొడ్డు. ఇది బెదురు కుక్క. గొడ్డు బెదిరితే దూరంగా పరిగెత్తుతుంది. గొలుసుకు కట్టిన కుక్కకు పరిగెత్తే దోవ లేదు. అందుకని మీదికి ఎగబడి ఎదుటోణ్ణి తరిమేదానికి చూస్తుంది. చూసేవాళ్ళకు అది పొగరులాగా కనపడుతుంది. చాలా కుక్కల్లో దాని అడుగున ఉండేది భయం.

రాజపాళయం జాతికి ఇది ఇంకొంచెం ఎక్కువ. రాజపాళయం ఊరు మనకు పరాయిది కాదు. తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన ఊరు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా అక్కడ మిల్లు పెట్టినాక నూలు ఊరని పేరు తెచ్చుకొంది. ఆ ఊరి పేరు మోసే తెల్ల కుక్కకు 2005లో తపాలా శాఖ బిళ్ళ కూడా వేసింది. వేటకు, కాపలాకు పెంచిన జాతి అది. ఇంటి మనిషికి కట్టుబడి ఉంటుంది, కొత్త మనిషిని చప్పున నమ్మదు. తోటలో, పొలంలో ఉంటే ఆ గుణానికి మెచ్చుకుంటారు. ఆరడుగుల సందులో, ఎదురెదురు గడపల మధ్య కట్టేస్తే అదే గుణం గొడవయి కూచుంటుంది. జాతిలో తప్పు లేదు, చోటు ఇరుకు. చోటు మార్చుకొనే స్తోమత మనకు లేదు కాబట్టి నేర్పే దోవ వెతుక్కోవాల.

కట్టె పద్ధతిని పాత పద్ధతి అంటారు. ఎంత పాతది? మన పల్లెల్లో కుక్కకు ఎవరూ పాఠం చెప్పలేదు. పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద పడేస్తే అది గడప కాసింది. అట్లా చూస్తే ముద్ద పెట్టి దగ్గర చేసుకోవడమే మన పాత పద్ధతి. గొలుసు గుంజి, దెబ్బ వేసి నేర్పడాన్ని ఒక చదువులాగా పుస్తకంలో పెట్టింది జర్మనీలో పోలీసు కుక్కలకు నేర్పిన కొన్‌రాడ్ మోస్ట్ అనే ఆయన, 1910లో. అది పోలీసు పనికి, యుద్ధం పనికి తయారైన చదువు. అక్కణ్ణుంచి ఇండ్లలోకి వచ్చింది.

దానికి తోడు ఇంకొక మాట పుట్టింది. కుక్క తోడేలు వంశం గదా, తోడేళ్ళ మందలో బలమైనది మిగతావాటిని అణిచి పెడుతుంది గదా, కాబట్టి ఇంట్లో యజమాని కుక్కను అణిచి పెట్టాల అని. ఈ మాటకు మూలం 1947లో స్విట్జర్లాండు బాసెల్ ఊరి జంతుశాలలో తోడేళ్ళను చూసి షెంకెల్ అనే ఆయన రాసింది. అవి ఎక్కడెక్కడివో తెచ్చి ఒక దొడ్లో కుక్కిన తోడేళ్ళు. కొట్లాడుకోక ఏం చేస్తాయి? తర్వాత అమెరికాలో డేవిడ్ మెక్ అనే ఆయన అడవి తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూశాడు. 1970లో తన పుస్తకంలో ఆ పాత మాటనే రాసిన ఆయన, 1999లో అది సరికాదని తనే తేల్చాడు. అడవిలో తోడేళ్ళ మందంటే చాలావరకు అమ్మ, నాయన, వాళ్ళ పిల్లలు. మన సంసారాల మాదిరే. అక్కడ అణిచి పెట్టే రౌడీ ఎవడూ లేడు.

సరే, వంశం సంగతి వదిలేద్దాం. కట్టె పని చేస్తుందా లేదా? టీ అంగడిలో అందరూ అడిగేది ఇదే. నిజం చెప్పాల. పని చేసినట్లు కనపడుతుంది. బెదిరి అరిచే కుక్కను గట్టిగా కొడితే ఆ పూటకు నోరు మూసుకుంటుంది. నాలుగు రోజులు కొడితే గుర్రుమనడం కూడా మానుకుంటుంది. ఇంట్లోవాళ్ళు దారికొచ్చిందని సంబరపడతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

కుక్క కరిచే ముందు వరసగా కొన్ని మాటలు చెబుతుంది. మొదట మొహం పక్కకు తిప్పుకుంటుంది. నాలుకతో మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. చెవులు వెనక్కు పోతాయి, తోక కాళ్ళ సందుకు పోతుంది, కంటి తెలుపు కనపడుతుంది. తర్వాత ఒళ్ళు కొయ్యలాగా బిగుసుకుంటుంది. తర్వాత గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది. ఇంత చెప్పినా ఎదుటివాడు వినకపోతేనే పట్టుకుంటుంది. గుర్రుమనడమంటే, “నాకు భయంగా ఉంది, దగ్గరికి రావద్దు” అని చెప్పడం. ఆ మాట చెప్పినందుకు కొడితే కుక్క ఆ మాట మానుకుంటుంది. భయం మానుకోదు. రేపు ఒక పిల్లోడు బంతి కోసం దగ్గరికి పోతే, గుర్రు లేకుండా నేరుగా పన్ను దిగుతుంది. అప్పుడు అందరూ, “ఏ చప్పుడూ లేకుండా కరిచింది, పిచ్చి కుక్క” అంటారు. చప్పుడు చెయ్యకుండా నేర్పింది మనుషులే.

మిల్లు పని చేసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. బేరింగు ఎండిపోతే కీచుమంటుంది. మంచి ఆయిల్‌మేను ఆ చప్పుడు విని పరిగెత్తి నూనె పోస్తాడు. చెవుల్లో దూది పెట్టుకొని, “ఇప్పుడు బాగుంది, చప్పుడు లేదు” అనే ఆయిల్‌మేనును ఎవరైనా పనిలో పెట్టుకుంటారా? గుర్రు కుక్కకు బేరింగు చప్పుడు. అది వినపడినంత కాలం మనం అదృష్టవంతులం.

ఇంకొక సంగతి. నేను చేసిన ఒక మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో ఒక మేస్త్రి ఉండేవాడు. కొత్త పిల్లోళ్ళకు పోగు తెగితే నెత్తిన ఒక్కటి వేసేవాడు. ఆ పిల్లోళ్ళు ఏం నేర్చుకున్నారనుకుంటారు? పోగు అతకడం కాదు. తెగిన పోగుల వేస్టును చొక్కాలో దాచుకోవడం నేర్చుకున్నారు. మేస్త్రి అడుగుల చప్పుడు గుర్తు పట్టడం నేర్చుకున్నారు. ఆయన ఈ సందులో ఉంటే చేతులు వణికి ఇంకా నాలుగు పోగులు తెగేవి. అవతలి ఫ్రేము దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. పిల్లోడి వేలు పట్టుకొని, పోగు ఎట్లా తిప్పి అతకాలో చూపించేవాడు. అతికితే “శభాష్ రా” అనేవాడు, సాయంత్రం టీ ఇప్పించేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లోళ్ళు నెల తిరిగే లోపల సైడు చూసుకొనేవాళ్ళు. మనిషికైనా, నోరు లేని జీవానికైనా భయంలో చెయ్యి కుదరదు, బుర్రకు ఎక్కదు.

ఇది నా మాట ఒక్కటే అయితే పక్కన పెట్టేయండి. చదువుకున్నవాళ్ళు లెక్క తీశారు. మనవరాలు చదివి వినిపిస్తే రాసుకున్నాను. 2009లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు, కుక్క గొడవలతో తమ దగ్గరికి వచ్చిన 140 మంది యజమానులను, ఇంతకు ముందు ఏమేం చేసి చూశారని అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్ళలో నూటికి 43 మంది, తమ కుక్క తిరిగి మీదికి వచ్చిందని చెప్పారు. వెల్లకిలా పడేసి అదిమి పట్టుకున్నవాళ్ళలో నూటికి 31 మందికి అదే అనుభవం. 2020లో పోర్చుగల్‌లో ఏడు శిక్షణ బడుల్లోని 92 కుక్కలను చూశారు. గుంజి, బెదిరించి నేర్పే బడుల కుక్కల్లో బెంగ గుర్తులు ఎక్కువగా కనపడ్డాయి. పాఠం అయినాక వాటి ఎంగిలి తీసి పరీక్ష చేస్తే, ఒంట్లో ఒత్తిడిని చూపించే కార్టిసాల్ కూడా ఎక్కువగా ఉంది. ఒంటికి కరెంటు తగిలించే పట్టీలను ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది.

ఇప్పుడు తాయిలం పద్ధతి. అదేదో కుక్కను గారాబం చెయ్యడం అనుకోవద్దు. దీనికి ఒక లెక్క ఉంది. రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. అరుగుదల మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. కుక్కకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్ళకు ఆ చప్పుడు వింటేనే దానికి నోరూరుతుందని ఆయన చూపించాడు. ఇందులో మనకు పనికొచ్చేది ఒక్కటే. బైకు కనపడగానే నోట్లో గుడ్డు ముక్క పడితే, పది రోజులు, ఇరవై రోజులు అట్లాగే జరిగితే, బైకంటే భయం అనే చోట బైకంటే గుడ్డు అనేది వచ్చి కూచుంటుంది. భయం పైకి కనపడకుండా పోవడం వేరే, లోపలనుంచి తగ్గడం వేరే. ఇది లోపలిదాన్ని తగ్గిస్తుంది.

చేసే తీరు చెబుతాను. ఇది ఏ ఇంట్లోనైనా చెయ్యొచ్చు.

మొదటిది, డాక్టరు. ఉన్నట్టుండి కుక్క గుణం మారితే ముందు ఒళ్ళు చూపించాల. చెవిలో చీము, పిడుదులు, కీళ్ళ నొప్పి, పంటి నొప్పి ఉంటే ఏ కుక్కయినా కస్సుమంటుంది. నొప్పితో ఉన్నదానికి పాఠం ఎక్కదు. వేపేరిలో 1903 నుంచి నడుస్తున్న పశువైద్య కాలేజీ ఆస్పత్రి ఉంది. ప్రైవేటుకంటే అక్కడ చాలా తక్కువలో చూస్తారు. అంబత్తూరు నుంచి ఒక పూట పని, అంతే.

రెండోది, చోటు మార్చడం. గేటు దగ్గర కట్టేసిన కుక్క రోజుకు వంద మందిని చూస్తుంది, వంద సార్లు అరుస్తుంది. పాలవాడు వస్తాడు, అది అరుస్తుంది, ఆయన పాలు పోసి వెళ్ళిపోతాడు. ఆయన పని అయిపోయి వెళ్ళాడు. కుక్క మాత్రం, “నేను అరిచాను, వాడు పారిపోయాడు” అనుకుంటుంది. అంటే రోజుకు వంద సార్లు అరవడానికి బహుమతి దొరుకుతోంది. ముందు ఆ గేటు దగ్గరనుంచి తీసి వెనక పక్కనో, లోపలి వసారాలోనో ఉంచండి. గేటుకు పాత ఫ్లెక్సీ గుడ్డ కట్టండి. బయటిది కనపడకపోతే సగం అరుపులు అప్పుడే తగ్గుతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడోది, దూరం. ఎంత దూరంలో బైకు కనపడితే కుక్క చూసి కూడా అరవకుండా ఉంటుందో ఆ దూరం కనిపెట్టాల. మన సందుల్లో అంత దూరం యాడ దొరుకుతుంది అంటారు. నిజమే. అందుకని పొద్దున అయిదు గంటలకు, జనం లేనప్పుడు పాడి పక్కనో, ఏదైనా మైదానం పక్కనో తీసుకుపోండి. లేదంటే మిద్దె ఎక్కండి. మిద్దె మీదనుంచి వీధిలో పోయే బండ్లు దూరంగా కనపడతాయి, పిట్టగోడ అడ్డంగా ఉంటుంది. మా వీధి పిల్లోడు మిద్దె మీదే మొదలుపెట్టాడు.

నాలుగోది, ముక్క. రెండు కోడిగుడ్లు ఉడకబెట్టి చిటికెన వేలి గోరంత ముక్కలు కోస్తే యాభై అవుతాయి. కోడి అంగట్లో లివరు కొంచెం ఉడకబెట్టినా సరే. ఉప్పు, కారం వద్దు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషం, పెట్టొద్దు. బండి కనపడింది, కుక్క చూసింది, ఇంకా అరవలేదు, ఆ క్షణంలో ముక్క. బండి కనపడినంతసేపు ముక్క వెంట ముక్క. బండి పోయిందా, ముక్క ఆగింది. పది నిమిషాలు చాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్నాళ్ళకు బండి కనపడగానే కుక్క మీ చేతి పక్క చూస్తుంది. ఆ చూపు కోసమే ఈ కష్టమంతా. అది వచ్చినాక దూరం నాలుగు అడుగులు తగ్గించండి. తొందర పడితే మళ్ళీ మొదటికి వస్తుంది.

అయిదోది, అరిచిందనుకోండి. కొట్టొద్దు, కేకలు వెయ్యొద్దు. మనం కేక వేస్తే మనం కూడా దానితో కలిసి అరుస్తున్నాం అనుకుంటుంది. నోరు మెదపకుండా తిప్పుకొని దూరంగా నడిచేయండి. అరిచిందంటే దూరం చాలలేదని లెక్క.

ఇక్కడ టీ అంగడిలో వాళ్ళు అడిగిన రెండు ప్రశ్నలు.

“అరిచే కుక్కకు ముక్క పెడితే అరవమని చెప్పినట్లు కాదా?” అరవక ముందు పెడుతున్నాం గదా. పొరపాటున అరుస్తుండగా పెట్టినా భయం పెరగదు. ఉరుముకు జడిసిన బిడ్డను ఒళ్ళోకి తీసుకుంటే ఆ బిడ్డ ఇంకా జడుసుకుంటుందా?

“ఎన్నాళ్ళు చెయ్యాల? కట్టె అయితే ఒక్క రోజు.” ఇది న్యాయమైన ప్రశ్న. షిఫ్టు పని చేసేవాళ్ళకు టైము ఎక్కడిది? నెలల లెక్క ఇది, రోజుల లెక్క కాదు. మూడు నెలలకు కొంచెం, ఆరు నెలలకు ఇంకొంచెం. కొన్ని కుక్కలు పూర్తిగా మారవు. జీవితమంతా కొత్తవాళ్ళకు దూరంగానే ఉంచాల్సి వస్తుంది. ఆ సంగతి దాచి, తాయిలంతో అన్నీ సరి అవుతాయని చెప్పేవాణ్ణి నమ్మొద్దు. పదిహేను రోజుల్లో నోరెత్తకుండా చేస్తానని చెప్పేవాణ్ణి అసలే నమ్మొద్దు.

కట్టె పక్షంవాళ్ళ మాటల్లో కూడా తీసుకోవాల్సింది ఒకటుంది. కుక్కకు హద్దు ఉండాల అంటారు. నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంట్లో నలుగురూ ఒకే మాట చెప్పాల. ఒకరు సోఫా ఎక్కిస్తే, ఇంకొకరు దించి కొడితే దానికి మతి పోతుంది. వీధిలోకి గొలుసు లేకుండా వదలకూడదు, ఒక్క నిమిషం కూడా. అయితే హద్దు పెట్టేదానికి కట్టె అక్కర్లేదు. తలుపు, గొలుసు, చిక్కం చాలు. నూర్చేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టేవాళ్ళు, గుర్తుందా? కుక్కకు కూడా బుట్ట మాదిరి చిక్కం దొరుకుతుంది. నోరు తెరిచి ఎగపోసుకొనేదానికి, నీళ్ళు తాగేదానికి వీలుండేదే కొనండి. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీ ఎండలో ప్రాణం తీస్తుంది. చిక్కంలో గుడ్డు ముక్క పెట్టి, అదే మూతి దూర్చేట్లు వారం రోజులు అలవాటు చెయ్యండి. పిల్లలు తిరిగే వీధిలో ఇట్లాంటి కుక్కను చిక్కం లేకుండా నడిపించడం తాయిలం పద్ధతి కాదు, బాధ్యత లేకపోవడం.

బాధ్యత అంటే చట్టం కూడా ఉంది. 2024 మే నెలలో మన చెన్నైలోనే, థౌజండ్ లైట్స్ దగ్గర కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వైలర్ కుక్కలు అయిదేళ్ళ పాపను కరిచాయి. ఆ పాప నాయన ఆ పార్కు వాచ్‌మేను. మన మాదిరి కూలి బతుకే. కుక్కల యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడనివాడికి ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. అంబత్తూరు 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. మన మండలం ఏడోది. కాబట్టి కార్పొరేషన్ లైసెన్సు మనకూ వర్తిస్తుంది. పిచ్చి కుక్క రోగానికి సూది వేయించిన కాగితం లేకుండా లైసెన్సు రాదు. అవతలి పక్క, 1960 నాటి జంతుహింస చట్టం 11వ సెక్షను కుక్కను కొట్టి హింసించడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఇంటి జంతువును దిక్కులేకుండా వదిలేయడం నేరం అంటుంది. చెరువు కట్ట మీద వదిలేసి రమ్మన్నవాళ్ళు ఇది కూడా తెలుసుకోవాల. బెదురు కుక్కను ఆ కట్ట మీద వదిలితే అక్కడ తిరిగే వేరేవాళ్ళ పిల్లలకు ఆపద. మన ఇంటి ఆపదను పక్క వీధికి తోసినట్లే.

ఎన్ని చెప్పుకున్నా, ఒక్కోసారి పన్ను దిగుతుంది. అప్పుడు పసుపు, సున్నం, కారం పూయొద్దు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాల. గడియారం చూసి పదిహేను. ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి పోవాల, సూది ఉచితం. చర్మానికి వేసే సూది అయితే మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం మానింది గదా అని మధ్యలో మానొద్దు. సొంత కుక్క కరిచినా, సూది వేయించిన కుక్క కరిచినా డాక్టరుకు చూపించాల్సిందే. ఆ రోగం బయట పడినాక మందు లేదు.

మా వీధి సంగతి ఎంతవరకు వచ్చిందంటే, ఓనరుతో మాట్లాడి మూడు నెలలు గడువు తీసుకున్నాం. చిక్కం లేకుండా గడప దాటదని, గేటుకు అడ్డం కడతామని ఆ పిల్లోడు మాట ఇచ్చాడు. పక్కింటి పిల్లోడి అమ్మకు కూడా ఎదురుగా కూచోబెట్టి చెప్పాం, ఎందుకంటే భయపడింది ఆమె బిడ్డ. ఆమె, “అన్నా, మూడు నెలలు చూస్తాను, నా బిడ్డ జోలికి వస్తే మాత్రం ఊరుకోను” అంది. అది న్యాయం. ఒక నెల గడిచింది. మిద్దె మీద కుక్క ఇప్పుడు బండ్లను చూసి అరవడం తగ్గింది. వీధిలో మాత్రం ఇంకా అరుస్తోంది, గుర్రుమంటోంది. గుర్రు వినపడుతున్నందుకు నేను సంతోషిస్తున్నాను. మిగతా రెండు నెలల్లో ఏమవుతుందో జరిగింది జరిగినట్లు రాస్తాను.

మీ ఇంట్లో బెదురు కుక్క ఉంటే ఈ వారం రెండు పనులు చెయ్యండి. గేటు దగ్గరనుంచి కట్టు మార్చండి. సూది కాగితం ఎక్కడుందో వెతికి, తేదీ దాటిపోయి ఉంటే వేయించండి. మీ పిల్లలకు మూడు మాటలు నేర్పండి: తింటున్న కుక్క దగ్గరికి పోవద్దు, కట్టేసిన కుక్క మొహంలో మొహం పెట్టొద్దు, కుక్క గుర్రుమంటే పరిగెత్తకుండా మెల్లగా వెనక్కు రావాల. మొరిగే కుక్క కరవదు అనే సామెతను మాత్రం నేర్పొద్దు. అది కూడా కరుస్తుంది. మొరిగిందంటే మనకు ఇంకా టైము ఉందని అర్థం.